కనుమ దారి సందేహాలు

ఘాట్ రోడ్ల మీద బండి నడపడం గురించి కడప, కర్నూలు, అనంతపురం వైపు నుంచి వచ్చిన ఉత్తరాల్లో కొన్నిటికి ఈ నెల జవాబులిస్తున్నాం. బ్రేకు పనిలోనూ డ్రైవింగ్ శిక్షణలోనూ చేయి తిరిగినవాళ్లు రాసిన జవాబులివి. ఒకే రకం ప్రశ్నలు చాలా వచ్చాయి, వాటిని కలిపేశాం.

ప్రశ్న: రాయచోటి నుంచి కడపకు వస్తూ గువ్వలచెరువు ఘాట్ దిగుతుంటే సగం దారిలో బ్రేకు పెడల్ మెత్తబడి లోపలికి పోయింది. గబగబా నాలుగైదు సార్లు తొక్కితే కొంచెం పట్టింది. మర్నాడు మెకానిక్‌కు చూపిస్తే ప్యాడ్లు బాగున్నాయి, లీకు లేదు, బ్రేకుకు ఏ లోటూ లేదన్నాడు. నిజంగానే పెడల్ మామూలుగా ఉంది. మరి ఆ రోజు ఏమైనట్టు?
— రాయచోటి పాఠకుడు

జవాబు: మీ మెకానిక్ అబద్ధం చెప్పలేదు. ఆయన చూసింది చల్లారిన బ్రేకును, అంతే. ఆ రోజు మీ బండిలో బ్రేకు ఆయిల్ మరిగింది.

బ్రేకు ఆయిల్‌కు గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. డాట్ 4 అనే రకం కొత్త ఆయిల్ కనీసం 230 డిగ్రీల వేడి దాకా మరగకూడదని ప్రమాణం. అదే ఆయిల్‌లో 3.7 శాతం నీరు చేరిందంటే ఆ హద్దు 155 డిగ్రీలకు పడిపోతుంది. డాట్ 3 రకానికైతే ఆ లెక్క 205, 140. దిగుడులో అదేపనిగా తొక్కిన బ్రేకు దగ్గర ఇంత వేడి పుట్టడం పెద్ద విషయం కాదు. ఆయిల్ మరిగితే గొట్టాల్లో ఆవిరి బుడగలు చేరతాయి. ద్రవాన్ని నొక్కితే కుదించుకుపోదు, ఆవిరిని నొక్కితే కుదించుకుపోతుంది. మీ కాలి బలమంతా ఆ బుడగలను నొక్కడానికే ఖర్చయి, చక్రం డిస్కును పట్టి ఆపే ప్యాడ్ దాకా చేరదు. బండి ఆగి చల్లారగానే ఆవిరి తిరిగి ద్రవమవుతుంది, పెడల్ గట్టిపడుతుంది, ఆనవాలు మిగలదు. మర్నాడు ఎవరికి చూపించినా ఏమీ కనపడనిది అందుకే.

ఆయిల్ మొత్తం మార్పించండి. బానెట్ కింద డబ్బాలో ఉన్నది తోడేసి కొత్తది పోస్తే పని కాదు. మరిగేది చక్రాల దగ్గరున్న ఆయిల్. నాలుగు చక్రాల దగ్గరా నిపుల్ (ఆయిల్ బయటికి వదిలే చిన్న మర) విప్పించి, నల్లబడిన పాత ఆయిల్ పోయి తేటగా కొత్తది వచ్చేదాకా బ్లీడింగ్ చేయించాలి. చిన్న కారుకు లీటరు సరిపోతుంది. షాపులో ఎప్పుడో మూత తీసి ఉంచిన సీసా వాడనివ్వకండి, అది అప్పటికే తేమ పీల్చి ఉంటుంది. మీ బండికి ఏ డాట్ రకమో బానెట్ కింది డబ్బా మూత మీదే రాసి ఉంటుంది. కిలోమీటర్లు తిరగకపోయినా రెండేళ్లకోసారి మార్చాలి.

ఇక ఆయిల్ అంత వేడెక్కడానికి కారణం మీ కాలు. ఒకటిన్నర టన్నుల బండి 300 మీటర్ల ఎత్తు నుంచి దిగితే పుట్టే శక్తితో పదిహేను లీటర్ల నీళ్లు మరిగించవచ్చు. ఆ వేడి ఎక్కడికో ఒకచోటికి పోవాలి. టాప్ గేరులో దిగితే దాదాపు అంతా బ్రేకు డిస్కుల్లోకి పోతుంది. రెండో గేరులో దిగితే చాలా భాగం ఇంజినే మోస్తుంది.

కాబట్టి దిగుడు మొదలవక ముందే, అంటే రోడ్డు ఇంకా సమంగా ఉండగానే, వేగం తగ్గించి గేరు వేసుకోండి. ఏ గేరులో ఎక్కగలిగారో ఆ గేరులోనే దిగాలన్నది పాత లెక్క, ఇప్పటికీ అదే సరైనది. ఇప్పటి చిన్న కార్లు మూడో గేరులో ఎక్కేస్తాయి గానీ మెలికల దగ్గర దిగడానికి రెండే మంచిది. యాక్సిలరేటర్ వదిలేసినా వేగం పెరుగుతోందంటే ఇంకో గేరు తగ్గించాలి. వేగం 40కి ఎక్కితే మూడు నాలుగు సెకన్లు గట్టిగా తొక్కి 25కు తెచ్చి, కాలు పూర్తిగా తీసేయండి. పెడల్ మీద పాదం ఆనించి కూర్చోవడమే ఆయిల్‌ను మరిగించేది. కొంచెమే కదా తొక్కుతున్నాం అనిపిస్తుంది, కానీ డిస్కుకు చల్లారే సందు దొరకదు.

కాలిన వాసన వచ్చి, పెడల్ గట్టిగానే ఉండి, ఎంత తొక్కినా బండి ఆగనంటే అది వేరే జబ్బు. అప్పుడు ఆయిల్ కాదు, ప్యాడ్లే వేడెక్కి పట్టు వదిలాయి. రెండిటికీ అప్పటికప్పుడు మందు ఒకటే: రోడ్డు వెడల్పుగా ఉన్నచోట పక్కకు తీసి కనీసం అరగంట ఆగడం. డిస్కు మీద నీళ్లు పోయకండి, వంకర పోతుంది.

ప్రశ్న: ఘాట్‌లో బ్రేకు పూర్తిగా ఫెయిలైతే ఏం చేయాలి? ఇంజిన్ ఆపేయాలని ఒకరు, రివర్స్ వేయాలని ఇంకొకరు చెప్తున్నారు.
— ప్రొద్దుటూరు, కదిరి పాఠకులు

జవాబు: రెండూ చేయకండి. ఇంజిన్ ఆగితే పవర్ స్టీరింగ్ బరువెక్కుతుంది, బ్రేకుకు సాయం చేసే వాక్యూమ్ రెండు మూడు తొక్కులకే అయిపోతుంది. తాళం చెవి పూర్తిగా వెనక్కి తిప్పితే స్టీరింగ్ లాకే పడొచ్చు. పరుగెత్తే బండికి రివర్స్ గేరు పడదు.

ముందు పెడల్‌ను వేగంగా కొట్టండి, ఆవిరి చేరిన బ్రేకు కొంతైనా పైకి వస్తుంది. ఆ వెంటనే గేరు తగ్గించండి, కానీ నాలుగు నుంచి మూడు, మూడు నుంచి రెండు, ఒక్కొక్కటే. నాలుగు నుంచి ఏకంగా ఒకటికి పోతే గేరు పడదు, బండి న్యూట్రల్‌లో ఉండిపోతుంది. అంతకన్నా అన్యాయం లేదు. హ్యాండ్ బ్రేకును బటన్ నొక్కి పట్టుకునే కొంచెం కొంచెంగా లాగండి. ఒక్కసారిగా లాగితే వెనుక చక్రాలు బిగిసి బండి గిరగిరా తిరిగిపోతుంది. స్విచ్ రకం హ్యాండ్ బ్రేకైతే స్విచ్‌ను లాగి అలాగే పట్టుకోవాలి, చాలా బండ్లలో అది మెల్లగా ఆపేలా చేసి ఉంటుంది. హారన్, నాలుగు ఇండికేటర్లు ఆగకుండా వేయండి. అప్పటికీ ఆగకపోతే లోయ పక్కకు కాకుండా కొండ పక్కకు తిప్పి, బండి పక్క భాగాన్ని గట్టుకు రాసుకుంటూ పోనివ్వండి. డోర్లు పోతాయి, పోనివ్వండి.

ప్రశ్న: సార్, నేను బేతంచెర్ల నుంచి నాపరాయి లోడు తోలుతా. దిగుడులో న్యూట్రల్ కొడితే డీజిల్ మిగుల్తాదని ముందునుంచీ అంటారు. ఎగ్జాస్ట్ బ్రేకు ఎక్కువ వాడితే ఇంజిన్ పోతాదంట. ఓనరు కూడా అదే మాట. నిజమేనా?
— ఒక లారీ డ్రైవరు

జవాబు: కంప్యూటర్ లేకుండా పంపు ఒక్కటే డీజిల్ పంపే పాత బండ్ల కాలం మాట అది. ఇప్పటి బండ్లలో గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలేస్తే చక్రాలే ఇంజిన్‌ను తిప్పుతాయి, కంప్యూటర్ డీజిల్ సరఫరా ఆపేస్తుంది. న్యూట్రల్ కొడితే ఇంజిన్ ఆగిపోకుండా తిరగడానికి మళ్లీ డీజిల్ కావాలి. మిగలడం కాదు, ఎక్కువ తాగుతుంది. ఈ ముక్క ఓనరుకు చూపించండి.

అసలు ప్రమాదం వేరే ఉంది. 2018లో లోడు పరిమితి పెంచాక పది చక్రాల లారీ మొత్తం బరువు 28.5 టన్నుల దాకా ఉండొచ్చు. న్యూట్రల్‌లో ఆ బరువు 60 అందుకున్నాక మళ్లీ గేరు వేద్దామంటే పడదు. చక్రాల వేగానికీ ఇంజిన్ వేగానికీ పొంతన ఉండదు కాబట్టి పళ్లు కలవవు. ఇక మిగిలింది గాలి ఒత్తిడితో పనిచేసే డ్రమ్ము బ్రేకులే. వేడికి డ్రమ్ము వ్యాకోచించి లైనింగ్‌కు దూరం జరుగుతుంది. గాలి తోస్తే బ్రేకును కదిలించే చాంబర్ రాడ్ ఇంకా ముందుకు పోవాల్సి వస్తుంది. ఆ ఎడాన్ని సరిచేసే స్లాక్ అడ్జస్టర్ ముందే వదులుగా ఉంటే ఆ రాడ్ పొడవు చాలదు, గేజిలో గాలి నిండుగా చూపిస్తున్నా బ్రేకు పట్టదు. డ్రైవరు మళ్లీ మళ్లీ కొడతాడు, కంప్రెసర్ నింపే దానికన్నా వేగంగా గాలి ఖర్చవుతుంది. గాలి తగ్గిందని చెప్పే బజరు మోగిందంటే ఎక్కడ వీలైతే అక్కడ ఆపాల్సిందే, ఇంకో మలుపు చూద్దాం అనుకోకూడదు.

ఎగ్జాస్ట్ బ్రేకు వల్ల ఇంజిన్ పోదు. పొగగొట్టాన్ని ఒక పలక మూస్తుంది, పిస్టన్లు ఆ ఒత్తిడి మీద పనిచేస్తాయి, అంతకన్నా ఏమీ లేదు. ఇంజిన్ కొంచెం ఎక్కువ తిరుగుతున్నప్పుడే అది బాగా పట్టుకుంటుంది, కాబట్టి గేరు తగ్గించి వాడాలి. ఎర్ర గీత దాటనివ్వకపోతే చాలు. లోడు కట్టాక, ఘాట్ పైకొస ముందు ఒకసారి ఆగి, డ్రమ్ములు అన్నీ ఒకేలా వేడిగా ఉన్నాయా చూడండి. చెయ్యి దగ్గరపెడితే చాలు, అంటించొద్దు. ఒక్కటి చల్లగా ఉందంటే ఆ చక్రం బ్రేకు పనిచేయడం లేదు, దాని వంతు మిగిలినవి మోస్తున్నాయి.

ప్రశ్న: నంద్యాల నుంచి గిద్దలూరు పోయే నల్లమల దారిలో మలుపు దగ్గర మా కారు, ఎదురుగా లారీ నిలబడిపోయాయి. మేం దిగుతున్నాం, లారీ ఎక్కుతోంది. ముందు వచ్చింది మేమే. ఎవరు తగ్గాలి?
— నంద్యాల పాఠకురాలు

జవాబు: మీరే తగ్గాలమ్మా. ఇరుకైన కొండదారిలో ఎక్కే బండికే దారి. 1989 నాటి రోడ్డు నిబంధనల్లోనే ఇది రాశారు. ముందు ఎవరొచ్చారన్న లెక్క ఇక్కడ లేదు.

మర్యాద కోసం పెట్టిన నియమం కాదది. ఎక్కుతున్న లారీ ఒకసారి నిలబడిందంటే మళ్లీ మొదటి గేరులో, క్లచ్ మీద, నిండు లోడును కదిలించాలి. ఆ క్షణంలో ఒక అడుగైనా వెనక్కి జారుతుంది. వెనకాల బైకు ఆనుకుని ఉంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. దిగే కారు ఆగితే మళ్లీ కదలడానికి బ్రేకు వదిలితే చాలు.

మెలిక మలుపుల్లో ఇంకో సంగతి ఉంది. పొడవు బండి తిరిగేటప్పుడు వెనుక చక్రాలు ముందు చక్రాల దారిలో రావు, లోపలి వైపుకు కోసుకుంటూ వస్తాయి. అందుకే లారీ, బస్సు డ్రైవర్లు ముందు భాగాన్ని అవతలి వరుసలోకి తోసి తిప్పుతారు. దాన్ని చూసి దౌర్జన్యం అనుకుంటాం గానీ వాళ్లకు వేరే దారి లేదు. మీరు మలుపు లోపల ఆగితే రాసుకుపోయేది మీ బండే. మలుపుకు మూడు బండ్ల దూరం ముందే, ఎడమ అంచుకు ఆగి, లైటు డిమ్ చేసి, లారీ వెనుక భాగం కూడా మీ పక్క దాటాక కదలండి.

ఎవరో ఒకరు వెనక్కి పోక తప్పని పరిస్థితి వస్తే చిన్న బండి పోవాలి, లేదా వెడల్పు చోటుకు దగ్గరున్న బండి పోవాలి. వెనక ఒక మనిషి దిగి దారి చూపించాలి, కానీ బండికి సూటిగా వెనకాల నిలబడకూడదు. డ్రైవరు అద్దంలో కనిపించేలా పక్కన నిలబడాలి. అద్దంలో మనిషి కనిపించకపోతే బండి ఆపేయాలి.

ముందుపోయే లారీ కుడి ఇండికేటర్ వేస్తే కొన్నిచోట్ల దాటిపొమ్మని అర్థం, కొన్నిచోట్ల రావద్దని అర్థం, కొన్నిసార్లు నిజంగా కుడికి తిరుగుతున్నాడని అర్థం. మలుపుల్లో దాన్ని నమ్మి దాటకండి. ఎదురు రోడ్డు మీ కళ్లకు కనిపించాలి. మీరు మెల్లగా పోయేవాళ్లయితే అదేం తప్పు కాదు, కానీ వెనక నాలుగైదు బండ్లు చేరాయంటే వెడల్పు చోట పక్కకు తీసి వదిలేయండి. వెనకవాళ్ల చిరాకే మలుపుల్లో ఓవర్‌టేక్ అవుతుంది.

మూసుకుపోయిన మలుపులో పగలు హారన్, రాత్రి డిప్పర్. రాత్రి ఎదుటి బండి వెలుగు గట్టు మీద పడడం ముందే కనిపిస్తుంది. ఆ వెలుగు కనిపించినప్పుడే డిమ్ చేయాలి, బండి కనిపించాక కాదు.

ప్రశ్న: గేర్లు వేసుకునే పని లేని ఏఎంటీ కారు కొన్నాం. తిరుమలకు ఎక్కుతుంటే ట్రాఫిక్‌లో కాలిన వాసన. దిగేటప్పుడు కారు దానంతట అదే పై గేరుకు పోతోంది. లోపమా?
— అనంతపురం పాఠకుడు

జవాబు: లోపం కాదు. ఏఎంటీ అంటే లోపల మామూలు గేర్‌బాక్స్, మామూలు క్లచ్చే. వాటిని మీ బదులు మోటార్లు కదిలిస్తాయి. ఎక్కుడులో ముందు బండి ఆగినప్పుడు మీరు బ్రేకు తొక్కకుండా యాక్సిలరేటర్‌తోనే కారును నిలబెట్టి ఉంటారు. అది హాఫ్ క్లచ్ మీద నిలబెట్టడమే, కాలింది క్లచ్ ప్లేటు. ఆగితే బ్రేకు లేదా హ్యాండ్ బ్రేకు వేయండి. కదిలేటప్పుడు హ్యాండ్ బ్రేకు పట్టుకునే యాక్సిలరేటర్ కొంచెం ఇచ్చి, ముందు భాగం లేవబోతున్నట్టు అనిపించగానే వదలండి. హిల్ హోల్డ్ (వాలులో జారకుండా పట్టే ఏర్పాటు) ఉన్న బండి కూడా మీ కాలు తీశాక రెండు సెకన్లే పట్టుకుంటుంది. ముందు బండికి ఒక బండి ఎడం వదలండి, అదీ వెనక్కి జారొచ్చు.

దిగేటప్పుడు కాలు తీసేస్తే ఇంజిన్ మీద భారం లేదనుకుని కంప్యూటర్ పై గేరు వేస్తుంది. దానికి కొండ కనపడదు. లివర్‌ను మాన్యువల్‌లోకి జరిపి రెండో గేరు పెట్టండి. సీవీటీ అనే ఇంకో ఆటోమేటిక్ రకంలో లివర్ మీద ఎల్ గానీ ఎస్ గానీ ఉంటుంది, అది వాడండి. తిరుమలలో 1974 నాటి రెండో ఘాట్ రోడ్డున ఎక్కి 1944 నాటి పాత రోడ్డున దిగుతాం కాబట్టి ఎదురు బండ్ల బెడద లేదు, కానీ పాత రోడ్డు మలుపులు బిగువు. దిగడానికి పెట్టిన కనీస టైం కన్నా ముందే కిందికి చేరి జరిమానా కట్టేవాళ్లు ఎక్కువగా గేరు వాడనివాళ్లే.

ఎలక్ట్రిక్ కారు గురించి ఇంకొకరు అడిగారు. దిగేటప్పుడు మోటారే బ్రేకులా పనిచేసి బ్యాటరీ నింపుతుంది. బ్యాటరీ ముందే నిండి ఉంటే ఆ పని జరగదు, భారమంతా మామూలు బ్రేకు మీద పడుతుంది. కొండ మీద 100 శాతం ఛార్జ్ పెట్టి దిగకండి, 80, 85 దగ్గర ఆపండి.

ప్రశ్న: గేరు లేని స్కూటర్ మీద ఇద్దరం ఆత్మకూరు, దోర్నాల మీదుగా శ్రీశైలం పోవచ్చా?
— ఆత్మకూరు పాఠకుడు

జవాబు: పోవచ్చు, పగలైతేనే. పులుల అభయారణ్యం దారి కాబట్టి రాత్రిపూట రాకపోకలను అటవీ శాఖ ఆపుతుంది. బయలుదేరే ముందు చెక్‌పోస్టు వేళలు కనుక్కోండి.

స్కూటర్‌కు ఇంజిన్ పట్టు తక్కువ. వేగం బాగా తగ్గి యాక్సిలరేటర్ మూసేస్తే లోపలి క్లచ్ విడిపోయి బండి న్యూట్రల్‌లో ఉన్నట్టే జారుతుంది. కాబట్టి రెండు బ్రేకులూ కలిపి, పట్టి వదిలి, పట్టి వదిలి దిగాలి. వెనుక బ్రేకు ఒక్కటే నొక్కి పట్టుకుంటే ఆ చిన్న డ్రమ్ము కాసేపట్లోనే కాగి పట్టు పోతుంది. దిగుడు పొడుగ్గా ఉంటే మధ్యలో ఒకటి రెండు చోట్ల ఆగండి. పెట్రోలు మిగులుతుందని ఇంజిన్ ఆపి దిగేవాళ్లు కనిపిస్తుంటారు, వాళ్లను అనుసరించకండి. వెనక కూర్చున్నవాళ్లు మలుపులో బండితోపాటే వాలాలి, భయపడి అవతలికి వంగకూడదు.

దారిలో కోతులకు అరటిపళ్లు విసరకండి. తిండి కోసం రోడ్డు మీదే కూర్చోవడం వాటికి అలవాటవుతుంది, తర్వాతి బండి కింద పడతాయి, లేదా వాటిని తప్పించబోయి బైకులవాళ్లు పడతారు.

ప్రశ్న: మే నెలలో ఘాట్ ఎక్కుతుంటే టెంపరేచర్ ముల్లు ఎర్ర గీత దాకా వచ్చింది.
— కడప, జమ్మలమడుగు పాఠకులు

జవాబు: ముల్లు సగం దాటగానే ఏసీ ఆపండి, గేరు ఒకటి తగ్గించండి. ఇంకా ఎక్కుతుంటే హీటర్ పూర్తిగా తిప్పండి. మన ఎండకు అది శిక్షే గానీ ఇంజిన్ వేడిలో కొంత లోపలికి లాగుతుంది. ఆగాక ఆవిరి, కారడం లేకపోతే ఇంజిన్‌ను రెండు మూడు నిమిషాలు తిరగనివ్వండి, ఫ్యాన్, పంపు పనిచేస్తేనే వేడి దిగుతుంది. కూలెంట్ కారిపోతుంటే మాత్రం వెంటనే ఆపేయాలి. రేడియేటర్ మూత అరగంట దాకా ముట్టుకోవద్దు, లోపల ఒత్తిడి మీద ఉన్న నీరు మూత తీసీ తీయగానే మొహం మీదికి చిమ్ముతుంది. ఉత్త కొళాయి నీళ్లు పోసి నెట్టుకొచ్చే బండ్లలోనే ఈ తంటా ఎక్కువ. కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ చెరిసగం కలపండి.

ప్రశ్న: వాలులో బండి ఆపితే గేరులో ఉంచాలా, రాయి పెట్టాలా?
— పులివెందుల పాఠకుడు

జవాబు: రెండూ. ముందు హ్యాండ్ బ్రేకు వేసి, తర్వాత ముక్కు పైకి ఉంటే మొదటి గేరు, కిందికి ఉంటే రివర్స్. ముందు చక్రాలను కొండ వైపు తిప్పి ఉంచండి, జారినా గట్టుకు ఆనుతుంది.

రాయి పెట్టినవాళ్లు తీయడం మరిచిపోవడం ఘాట్లలో రోజూ కనిపించే పాపం. లారీ చెడిపోతే చక్రాల వెనక ఇంతింత బండలు, ఇరవై అడుగుల దూరంలో కొమ్మలు పెడతారు. బాగయ్యాక బండి పోతుంది, బండలు రోడ్డు మీదే ఉంటాయి. రాత్రి డిమ్ లైటులో బైకువాడికి అవి కనపడవు. కదిలేటప్పుడు క్లీనరు చేత తీయించండి. అలాగే గువ్వలచెరువులో పాలకోవా కొనుక్కోండి, తప్పులేదు. బండిని మాత్రం తెల్ల గీత లోపల సగం, బయట సగం ఆపి దిగకండి. వెనక లోడు బండి మీకోసం ఆగే స్థితిలో ఉండకపోవచ్చు.

ప్రశ్న: ఘాట్ ఎక్కితే చాలు పిల్లలు వాంతులు చేసుకుంటారు.
— గుంతకల్లు పాఠకురాలు

జవాబు: ఫోన్ చూడనివ్వకండి, దూరంగా రోడ్డు వైపు చూడమనండి. ఖాళీ కడుపూ వద్దు, పులిహోర దట్టించీ వద్దు, గంటన్నర ముందు రెండు ఇడ్లీలు చాలు. మాత్ర వేయాలంటే వయసును బట్టి డాక్టరు చెప్పిన మోతాదు, చెప్పిన వేళకు. డ్రైవరు మలుపు లోపల బ్రేకు కొట్టకుండా ముందే వేగం తగ్గించుకుంటే సగం వాంతులు ఆగుతాయి. సీటు జేబులో నాలుగు కవర్లు ఉంచండి, మలుపులో ఆపాల్సిన పని ఉండదు. వాడిన కవర్లు మాత్రం కిందికి దిగాక చెత్తకుండీలోనే వేయండి.